మూలకణములను గూర్చిన మూడు వాక్యములు

మూలకణములను గూర్చి నేడు తెలుగులో వెలువడుచున్న వ్యాసములను చదివినను, పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనములలో విద్యార్థులు తగిలించు పటములను చూచినను, మూడు వాక్యములు మరల మరల ఎదురగుచుండును. మొదటిది: “మూలకణము శరీరములోని ఏ కణముగానైనను మారగలదు.” రెండవది: “ప్రయోగశాలలో మూలకణముల నుండి మూత్రపిండమును తయారుచేసినారు.” మూడవది: “కనుక చెడిపోయిన అవయవమును మార్చుకొను దినము దగ్గరపడినది.” ఈ మూడును వినుటకు ఇంపుగా నుండును, కంఠస్థము చేయుటకును సులభము. కాని ఒక్కొక్క దానిని విడదీసి పరీక్షించినచో, మొదటిది సగము సత్యము. రెండవ దానిలో వస్తువు కంటె పేరు పెద్దది. మూడవది మొదటి రెంటి నుండి తర్కముగా వచ్చునది కాదు.

ఇది కేవలము మాటల పట్టింపు కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానములో, పచ్చని కొబ్బరితోటల నడుమ, జీడితోటల నడుమ, మూత్రపిండవ్యాధి ఎన్నో కుటుంబములను పట్టి పీడించుచున్నది. అచ్చటి తరగతిగదిలో ఈ మూడు వాక్యములను విన్న బాలుడు, “మాస్టారూ, అయితే మా నాన్నకు కొత్త కిడ్నీ చేసి పెడతారా?” అని అడుగుట సహజము. దానికి ఉపాధ్యాయుడు చెప్పు సమాధానము నిజమై యుండవలెను. అట్లని ఆశను మొదలంట నరికివేయునదియు కారాదు. అట్టి సమాధానమునకు దారి చూపుటకే ఈ విమర్శ.

మొదటి వాక్యము: “ఏ కణముగానైనను మారగలదు”

తల్లి గర్భములోని ఒకే ఒక ఫలదీకృత అండము నుండి మన దేహమంతయు పుట్టినది. రక్తకణము, నాడీకణము, కండరకణము మొదలైన రెండువందలకు పైబడిన కణజాతులు దాని సంతతియే. వీనిలో దాదాపు అన్నింటియందును జన్యుసామగ్రి ఒక్కటే. ఏ జన్యువులు పనిచేయుచున్నవి, ఏవి నిద్రించుచున్నవి అను దానిలోనే భేదమున్నది. ఇంకను ఏ వృత్తిలోను పూర్తిగా స్థిరపడక, తనవంటి కణములను పుట్టించుకొనుచు, అవసరమైనపుడు ప్రత్యేకమైన పని గల కణములను గూడ పుట్టింపగల కణమును మూలకణము అందురు. జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు హెకెల్ 1868లో వాడిన పదము నుండి ఈ పేరు వచ్చినది. ఆయన మనస్సులో నున్నది వంశవృక్షపు మ్రాను.

అయితే మూలకణములన్నియు ఒక్క తీరువి కావు. ఎముకల మూలుగలోని మూలకణము ఎఱ్ఱకణములను, తెల్లకణములను, రక్తఫలకికలను పుట్టించును గాని మెదడుకణమును పుట్టింపదు. కంటి నల్లగుడ్డు అంచున నుండు మూలకణము కంటిపై పారదర్శకమైన పొరను పుట్టించును గాని రక్తమును పుట్టింపదు. ఇవి తమ తమ ఇంటిపనికి కట్టుబడిన మూలకణములు. “ఏ కణముగానైనను” అను మాటకు తగినవి రెండే రకములు. పిండము తొలిదశలో నుండగా దాని లోపలి నుండి తీసినవి ఒకటి. వీనిని ఎలుక పిండము నుండి 1981లోను, మానవ పిండము నుండి 1998లోను వేరుచేసి పెంచగలిగిరి. రెండవది, పెరిగిన దేహములోని కణమునే వెనుకకు మరలించి చేసినవి. ఇట్లు మరలింపవచ్చునని 1962లో బ్రిటనులో జాన్ గుర్డన్ కప్పలతో చేసిన ప్రయోగములు సూచించినవి. 2006లో జపానులో షిన్యా యమనకా నాలుగే నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి ఎలుక చర్మమునుండి తీసిన కణములను పిండ మూలకణములకు సాటియైన స్థితికి తెచ్చెను. 2007లో మానవకణములతో గూడ అది సాధ్యమైనది. వీరిరువురకును 2012లో నోబెల్ బహుమానము లభించినది. ఇట్లు చేసిన వానిని ప్రేరిత మూలకణములు అందురు.

కనుక మొదటి వాక్యములోని మొదటి దోషము, ఏ మూలకణమో చెప్పకపోవుట. రెండవ దోషము “మారగలదు” అను క్రియలో నున్నది. పాత్రలో ఊరక వదిలిపెట్టిన పిండ మూలకణము తనంతట తాను మంచి మూత్రపిండకణముగా మారదు. అది కొంత నాడీకణముగను, కొంత కండరముగను, కొంత మరియొకటిగను గజిబిజిగా మారిపోవును. దానిని అట్లే ఎలుక దేహములో ప్రవేశపెట్టినచో అనేక కణజాతులు కలగాపులగమైన కంతి ఏర్పడును. మూలకణము మారునది కాదు, మార్చబడవలసినది. మార్చుటకు దారి తెలియవలెను.

ఆ దారి ఏది? పిండము గర్భములో నడచిన దారియే. ఉదాహరణకు మూత్రపిండమును తీసికొందము. పిండములో మొదట మూడు పొరలు ఏర్పడును. నడిమి పొరలో ఒక భాగము ప్రక్కకు తేలి మూత్రపిండమునకు మూలమగును. అందులో ముందు పుట్టిన భాగము మూత్రమును సేకరించు నాళముల వైపునకును, వెనుక పుట్టిన భాగము రక్తమును వడపోయు సూక్ష్మనాళికల వైపునకును పోవును. ఒక్కొక్క మలుపు వద్ద ప్రక్కకణములు విడుదల చేయు సందేశ పదార్థము దారి చూపును. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్నునందు మినోరు తకసాతో, మెలిస్సా లిటిల్ ప్రభృతులు 2015లో ప్రకటించిన పద్ధతిలో ఈ సందేశములనే పాత్రలో వరుసగా అందించిరి. పిండములోని ఒక సందేశమును అనుకరించు రసాయనమును మొదటి కొలది దినములు, ఆ పిమ్మట ఒక పెరుగుదల ప్రోటీనును ఇచ్చిరి. ఏడు దినములు పలుచని పొరగా పెంచి, ఆ కణములను ముద్దగా చేర్చి మరి 18 దినములు పెంచిరి. ఇందులో గమనింపవలసినది కాలము. మొదటి రసాయనమును కొలది దినములే యుంచిన సేకరణనాళపు కణముల వైపునకు మొగ్గు. ఎక్కువ దినములుంచిన వడపోత నాళికల వైపునకు మొగ్గు. పదార్థము ఒక్కటే, దినముల లెక్క వేరు, ఫలితము వేరు. పాకములో తీగపాకమునకును ముదురుపాకమునకును తేడా చక్కెరలో లేదు గదా, పొయ్యిమీద ఉంచిన సేపులో నున్నది.

ఈ దారిని వర్ణించుటకు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్ 1957లో ఒక చిత్రమును ప్రసిద్ధము చేసెను. కొండవాలుపై నుండి గోళీ దొర్లుచు, చీలిపోవు లోయలలో ఏదో ఒక దానిలో పడి అడుగునకు చేరుట ఆ చిత్రము. మన ప్రాంతపు విద్యార్థికి దీనిని ఇంకను సులభముగా చెప్పవచ్చును. ఒడిశా కొండలపై కురిసిన వానచినుకు నాగావళి వాలులో పడినచో శ్రీకాకుళం దాటి కళ్ళేపల్లి వద్ద సముద్రమును చేరును. వంశధార వాలులో పడినచో కళింగపట్నం వద్ద చేరును. ఒక నదిలోనికి వచ్చిన నీరు మరియొక నదిలోనికి పోదు. యమనకా చేసినది నదీజలమును తిరిగి కొండశిఖరమునకు చేర్చుట వంటిది.

చిత్రము చక్కనిదే. కాని మన వ్యాసములు దానిని అడ్డులేకుండ వాడుటవలన ఒక భ్రమ కలుగుచున్నది. నీరు పల్లమునకు పోవుటకు ఎవరి సాయమును అక్కరలేదు. ప్రయోగశాలలోని కణమునకు అడుగడుగునను సాయము కావలెను. అంతకు మించి, చిత్రములో లోయ అడుగునకు చేరుటతో ప్రయాణము ముగిసినట్లు తోచును. వాస్తవములో కణము తన లోయలో పడుట ప్రయాణములో మొదటి భాగమే. రెండవ భాగము పరిపక్వత. ఈ రెండవ భాగమే నేటి శాస్త్రజ్ఞులను ఎక్కువగా వేధించుచున్నది. మన వ్యాసములు ఎక్కువగా విడిచిపెట్టుచున్నదియు అదియే.

రెండవ వాక్యము: “మూత్రపిండమును తయారుచేసినారు”

2015లో మెల్‌బోర్ను పాత్రలో తయారైన దేమి? కొలది మిల్లీమీటర్ల వెడల్పు గల కణముల ముద్ద. దానిని ఆర్గనాయిడు, అనగా అవయవమును పోలినది, అందురు. అందులో వడపోత గుచ్ఛములు, వానిని అంటియున్న నాళికల వేర్వేరు భాగములు, సేకరణనాళములను పోలిన భాగములు, రక్తనాళములకు మూలమైన కణములు కన్పించినవి. ఒక పాత్రలో, ఒకే మూలకణ సంతతి నుండి, ఇన్ని జాతులు తమంతట తాము సరియైన వరుసలో కూర్చుండుట అద్భుతమే. దానిని తక్కువ చేయుట మన ఉద్దేశము కాదు.

కాని “మూత్రపిండము” అను మాట వాడుటకు ముందు నిజమైన మూత్రపిండమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మన ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల వడపోత నాళికలున్నవి. వానియందు రక్తము నిరంతరము ప్రవహించును. వానినుండి వచ్చిన మూత్రమంతయు ఒక్క మార్గమున వెలుపలికి పోవును. ఆర్గనాయిడులోని నాళికలకు పాత్రలో రక్తప్రవాహము లేదు. అవి ఒక్క కాలువలోనికి కలిసి బయటకు దారితీయవు. దానిలోని జన్యువుల పనితీరును మానవ పిండముల మూత్రపిండములతో పోల్చి చూచినప్పుడు, అది గర్భము మొదటి మూడు మాసములలోని మూత్రపిండమునకు దగ్గరగా నున్నదని ఆ పరిశోధకులే వ్రాసిరి. 2018లో అమెరికాయందు సెయింట్ లూయిస్‌లో కొందరు పరిశోధకులు ఆర్గనాయిడుల కణములను ఒక్కొక్క దానినే విడదీసి పరీక్షించిరి. నూటికి 10 నుండి 20 వరకు కణములు మూత్రపిండమునకు చెందనివే; వానిలో నాడీకణములను పోలినవియు ఉండినవి. తక్కినవి సరియైన జాతివే గాని అపక్వములు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. అపక్వమైన దానిని నాళికాకణమని ఎట్లు గుర్తించిరి? కణమునకు గుర్తుచీటీ వంటి ప్రోటీనులు కొన్ని యుండును. వానికి మాత్రమే అంటుకొను ప్రతిరక్షకములకు వెలుగునిచ్చు రంగును జోడించి, కణములపై పోసి, సూక్ష్మదర్శినిలో చూతురు. వెలిగినచో ఆ ప్రోటీను ఉన్నదన్నమాట. దీనివలన కణము పేరు తెలియును. అది తన పనిని పెద్దవాని దేహములోని కణమువలె చేయుచున్నదా లేదా యని తెలియదు. అందుకు వేరు పరీక్ష కావలెను: కాలేయకణమైనచో మందులను విరుగగొట్టుచున్నదా, క్లోమములోని బీటాకణమైనచో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిను వదలుచున్నదా, తగ్గినప్పుడు ఆపుచున్నదా అని చూడవలెను.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి ఏకాండి వీణను చేయుదురు. కుండయు దండియు యాళిముఖమును కుదిరిననాడే చూచువారు దానిని వీణ యందురు, తప్పు కాదు. కాని మైనముపై మెట్లు అమర్చి, తంత్రులు బిగించి, శ్రుతి చేసిన గాని అది పలుకదు. నేటి ప్రయోగశాలా కణములలో అనేకము మ్రాను దశను దాటి వీణ రూపమునకు వచ్చినవి. మెట్లు వేయు పని సాగుచున్నది. వార్త వ్రాయువారు రూపమును చూచి కచేరీ జరిగినదని వ్రాయుచున్నారు.

ఈ లోపము మూత్రపిండమునకే పరిమితము కాదు. మూలకణముల నుండి చేసిన గుండెకణములు పాత్రలో లయగా కొట్టుకొనుట చూచువారిని అబ్బురపరచును. కాని వాని ఆకారము, బలము, ఇంధనమును వాడుకొను తీరు పిండదశలోని గుండెను పోలియుండును. బీటాకణముల కథ మరింత ఉపదేశకరము. అమెరికాలో డగ్లస్ మెల్టన్ బృందము 2014లో అనేక రసాయనములను, ప్రోటీనులను వరుసగా వాడి, కొన్ని వారములలో ఇన్సులిను వదలు కణములను తయారుచేసినది. ఆ మార్గమున వచ్చిన కణములతో, మొదటి రకపు మధుమేహము గల రోగులపై జరిపిన పరీక్ష ఫలితములు 2025లో వెలువడినవి. పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మందికి ఒక సంవత్సరము గడచునప్పటికి ఇన్సులిను సూది అవసరము లేకపోయినది. ఇది నిజమైన విజయము. అయితే అందులో రెండు సంగతులున్నవి. దేహము ఆ కణములను త్రోసివేయకుండ రోగులు వ్యాధినిరోధక శక్తిని అణచు మందులను తీసికొనవలసి వచ్చినది. ఇక బీటాకణములు పాత్రలోనే ముగింపునకు రావు. దేహములో నాటిన పిమ్మట రక్తము, నాడులు, ఆహారపు హెచ్చుతగ్గులు వానికి తుది శిక్షణ నిచ్చును. పరిపక్వతకు కావలసిన గురుకులము ఇంతవరకు దేహమే.

దగ్గరి విజయమును మరచితిమి

మన వ్యాసములలో నాకు కన్పించిన మరియొక లోటు, దూరపు వార్తలకిచ్చిన చోటు దగ్గరి పనికి ఈయకపోవుట. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదునందు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ 2001 నుండి మూలకణములతో చికిత్స చేయుచున్నది. ఆ సంస్థకు 2006 నుండి విశాఖపట్నంలోను ఆసుపత్రి ఉన్నది.

సున్నమో, ఆమ్లమో కంటిలో పడినప్పుడు నల్లగుడ్డు అంచునగల మూలకణములు కాలిపోవును. అప్పుడు కార్నియాపై పారదర్శకమైన పొర తిరిగి పుట్టదు. తెల్లగుడ్డు వైపు పొర రక్తనాళములతో సహా ప్రాకివచ్చి చూపును కప్పివేయును. ఇతరుల కార్నియాను తెచ్చి అతికించినను నిలువదు. ఏలనన దానిపై పొరను నిత్యము పుట్టించు మూలకణములు అచ్చట లేవు. 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఇందుకు ఉపాయము చూపిరి. బాగున్న రెండవ కంటి అంచు నుండి కొలది మిల్లీమీటర్ల ముక్కను తీసి, ప్రయోగశాలలో పెంచి, పొరగా చేసి, చెడిన కంటిపై అమర్చుటయే అది. హైదరాబాదులో డాక్టరు వీరేందర్ సాంగ్వాన్ ప్రభృతులు ఈ ముక్కను కాన్పు వేళ లభించు ఉమ్మనీటి పొరపై సుమారు రెండు వారములు పెంచి, ఏ జంతుపదార్థమును కలుపకుండ ఈ పనిని సాధించిరి. 2011లో వారు 200 మంది రోగుల ఫలితములను ప్రకటించిరి. నూటికి 71 మందిలో కార్నియాపై పొర స్థిరముగా నిలిచినది. నూటికి 29 మందిలో నిలువలేదన్న సంగతిని గూడ వారు దాచలేదు.

ఈ పని ఏల ఫలించినది? ఆ మూలకణము తన గమ్యమునకు ఒక్క అడుగు దూరములోనే యున్నది. దానికి కార్నియా పొరగా మారుట తప్ప వేరు వృత్తి తెలియదు. పుట్టవలసినది పలుచని పొర. దానికి రక్తనాళములు అక్కరలేదు. కణములు రోగివే గనుక దేహము త్రోసివేయదు. చివరకు, కణమునకు తుది శిక్షణ నిచ్చు చోటు, అనగా కన్ను, అచ్చటనే సిద్ధముగా నున్నది. ఈ చివరి సంగతి ఎంత ముఖ్యమో 2012లో తేలినది. ఆ సంవత్సరము అదే సంస్థవారు ప్రకటించిన సరళపద్ధతిలో, ఆ చిన్న ముక్కను ప్రయోగశాలలో పెంచుటయే మానివేసిరి. దానిని సన్నని తునకలుగా చేసి, కంటిపై పరచిన ఉమ్మనీటి పొరమీదనే జిగురుతో అంటించిరి. పొర కంటిమీదనే పెరిగినది. ఖరీదైన ప్రయోగశాల లేని ఆసుపత్రులకును ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చినది.

మూత్రపిండములో ఈ అనుకూలములు ఏవియు లేవు. అది పలుచని పొర కాదు; రక్తనాళముల అడవి. పెద్దవారిలో కొత్త వడపోత నాళికలను పుట్టించు మూలకణములు మిగిలియుండవు. మానవునిలో ఆ పని జననమునకు ముందే ముగియును. చెడిన మూత్రపిండము మచ్చలుపడి గట్టిపడును గనుక కొత్త కణమునకు శిక్షణ నిచ్చు చోటును చెడిపోయియే యుండును. కన్ను బాగుపడినది గనుక మూత్రపిండమును బాగుపడునని వాదించుట, నారుమడిలో వరి మొలచినది గనుక రాతినేలపైనను మొలచునని వాదించుట వంటిది.

మూడవ వాక్యము: “మార్చుకొను దినము దగ్గరపడినది”

ఇక ఉద్దానము సంగతికి వత్తము. 2019లో ప్రచురింపబడిన ఒక అధ్యయనము ప్రకారము అచ్చట పరీక్షింపబడిన వయోజనులలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి ఉన్నది. వారిలో చాలమందికి మధుమేహము గాని, మూత్రములో ఎక్కువ ప్రోటీను పోవుట గాని లేదు. దెబ్బ మొదట తగులుచున్నది వడపోత గుచ్ఛమునకు కాదు, నాళికలకును వాని చుట్టునున్న కణజాలమునకును. శ్రీలంక ఉత్తరమధ్య భాగములోను, మధ్య అమెరికా చెఱకుతోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. నీటిలోని పదార్థములు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి పనిచేయువారికి నీరు చాలకపోవుట, వంశపారంపర్యము, ఇట్లు అనేక కారణములను అనుమానించినారు. ఒక్కటియు ఇంకను నిర్ధారణ కాలేదు.

ఇట్టి చోట ఆర్గనాయిడు ఉపయోగము అవయవమును మార్చుటలో కాదు, దోషిని పట్టుకొనుటలో ఉన్నది. 2015 నాటి మెల్‌బోర్ను ఆర్గనాయిడులపై సిస్‌ప్లాటిన్ అను కాన్సరు మందును పోసినప్పుడు నాళికాకణములు చనిపోయినవి. ఆ మందు రోగుల నాళికలకును హాని చేయునదే. కావున అనుమానమున్న పదార్థములను ఒక్కొక్క దానినే మానవ నాళికలపై పరీక్షించు మార్గము తెరచుకొన్నది. రోగుల రక్తకణముల నుండి ప్రేరిత మూలకణములను చేసి, వాని నుండి నాళికలను పెంచి, ఇతరుల నాళికల కంటె అవి సులభముగా దెబ్బతినుచున్నవా యని గూడ చూడవచ్చును. మన వ్యాసములు ఈ మార్గమును ఒక్క వాక్యములోనైనను చెప్పినచో ఎంత బాగుండును!

అయితే ఇచ్చటనే పరిపక్వత ప్రశ్న తిరిగి ఎదురగును. యూరపులో డాన్యూబు ఉపనదుల వెంట కొన్ని గ్రామములలో నాళికలను చెరచు మూత్రపిండవ్యాధి 1950ల నాడే వైద్యుల దృష్టికి వచ్చినది. నీరు, లోహములు, బూజు మొదలైనవన్నియు అనుమానింపబడినవి. చివరకు గోధుమచేలలో కలుపుగా పెరుగు, మన ఈశ్వరి తీగతో ఒకే ప్రజాతికి చెందిన మొక్క గింజలు పిండిలో కలియుటయే కారణమనుటకు 2007 నాటికి బలమైన సాక్ష్యము లభించినది. ఆ గింజలలోని విషము నాళికాకణములోనికి ఊరక పోదు. కణపు పొరపై నుండు కొన్ని వాహక ప్రోటీనులు దానిని లోపలికి చేరవేయును. పెద్దవారి నాళికలో ఆ వాహకములు సమృద్ధిగా నుండును. సాధారణ ఆర్గనాయిడులోని అపక్వ నాళికలో అవి బహు తక్కువ. అట్టి నాళికపై ఆ విషమును పోసి చూచినచో అది ఉన్నదానికంటె సాధువుగా కన్పించును! ఉద్దానములో కారణము ఆ మొక్కయే యని దీని అర్థము కాదు. అపక్వమైన కణము తప్పుడు సాక్ష్యము చెప్పగలదనియే అర్థము. ఒక పదార్థము “నిర్దోషి” యని అట్టి సాక్షి మాట విని తీర్పుచెప్పి, ప్రజలను అదే నీరు త్రాగనిచ్చినచో నష్టమెంత! పైగా ఆర్గనాయిడు బ్రతుకునది కొలది వారములు. ఉద్దానపు వ్యాధి ముదురుటకు సంవత్సరములు పట్టును.

కావుననే పరిపక్వత అనునది పండితుల సూక్ష్మచర్చ కాదు. 2022లో మెల్‌బోర్ను పరిశోధకులే నాళికల మొదటి భాగమును మునుపటికంటె పరిపక్వముగా పెంచు పద్ధతిని ప్రకటించిరి. అందులో విషములను, మందులను చేరవేయు వాహకములు మెరుగుపడినవి. ఈ వార్త “మూత్రపిండము తయారైనది” అన్న వార్తవలె పత్రికలను ఆకర్షింపలేదు. ఉద్దానపు ప్రజలకు మాత్రము దానికంటె ఇదియే ముఖ్యము.

మూడవ వాక్యము చేయు కీడు మరియొకటి కలదు. ఆశ మితిమీరిన చోట వ్యాపారము పుట్టును. భారత వైద్యపరిశోధన మండలి 2017లో జారీచేసిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు మూలుగ మొదలైన వాని నుండి తీసిన మూలకణముల మార్పిడి అంగీకృతమైన చికిత్స. తక్కినది అనుమతి పొందిన వైద్యపరీక్షలలో తప్ప రోగులకు సాధారణ చికిత్సగా ఈయరాదు. మూత్రపిండమునకు మూలకణపు సూదిమందు ఇత్తుమని డబ్బు అడుగువారు ఎదురైనప్పుడు, ఈ ఒక్క సంగతి తెలిసిన విద్యార్థి తన కుటుంబమును కాపాడగలడు. ఈ వ్యాధి తొలిదశలో బాధ తెలియదు గనుక రక్తములో క్రియాటినిను పరీక్ష, శుభ్రమైన నీరు, అవసరమైనచో డయాలిసిస్ — ఇవి నేటి సాధనములు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. అదే సమయమున హిరమండలం జలాశయము నుండి వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును ప్రారంభమైనది.

ఎట్లు చెప్పవలెను?

విమర్శ చేయువాడు మారుమాట చూపవలెను. మొదటి వాక్యమునకు బదులు ఇట్లు చెప్పుదము: “కొన్ని మూలకణములను, పిండము నడచిన దారిని కాలము తప్పక అనుకరించి, అనేక విధములైన కణముల వైపునకు నడిపింపవచ్చును.” రెండవ దానికి బదులు: “మూలకణముల నుండి, పిండదశలోని మూత్రపిండమును పోలిన చిన్న కణసముదాయమును తయారుచేసినారు; దానిని పరిపక్వము చేయుట నేటి సమస్య.” మూడవ దానికి బదులు: “కంటిపొర, బీటాకణము వంటి కొన్ని చోట్ల చికిత్స ఫలించినది, మూత్రపిండము విషయములో ఈ విద్య మొదట వ్యాధి కారణమును వెదకుటకు తోడ్పడును.” ఈ వాక్యములు పొడవైనవే. పటముపై వ్రాయుటకు కొంత చోటు ఎక్కువ పట్టును. కాని వీనిని చదివిన విద్యార్థి తరువాత మరచిపోవలసినది ఏమియు ఉండదు.

మూలకణములను గూర్చిన ఏ వార్త కన్పించినను తరగతిలో నాలుగు ప్రశ్నలు వేయించుట మంచిది. బయలుదేరినది ఏ మూలకణము? చేరిన కణమును పేరునుబట్టి గుర్తించిరా, పనినిబట్టియా? అది పిండపు వయస్సుదా, పెద్దవారి వయస్సుదా? దానిని చూచినది పాత్రలోనా, జంతువులోనా, మానవునిలోనా? ఈ నాలుగింటికిని సమాధానము వెదకుటలోనే కణశాస్త్రములో సగము పాఠము పూర్తియగును.

నాన్నకు కొత్త కిడ్నీ చేసి పెడతారా యని అడిగిన బాలునకు ఉపాధ్యాయుడు ఇట్లు చెప్పవచ్చును: “ఇప్పుడు చేయలేరు, బాబూ. కాని మీ నాన్నకు ఈ జబ్బు ఎందువల్ల వచ్చిందో కనుక్కోవడానికి పనికివచ్చే చిన్న నాళికలను చేయగలుగుతున్నారు. అవి ఇంకా పసివి. వాటిని పెద్దవి చేయడం నేర్చుకోవలసిన వాళ్ళలో నువ్వూ ఒకడివి కావచ్చు.” ఈ సమాధానములో అసత్యము లేదు, ఆశయు ఉన్నది.